చెరసాలలో 12 సంవత్సరములు

చదువవలసిన వేదభాగములు: అపొ. కార్యములు 4:18–20, 2 తిమోతి 2:8–10



“యాత్రికుని ప్రయాణము” అను పుస్తకమును మనలో అనేకులు తెలుగులో చదివియున్నారు. దానిని వ్రాసిన జాన్ బనియన్ పెద్ద చదువులు చదివినవాడు కాడు. 1628లో ఇంగ్లాండు దేశమున, బెడ్‌ఫర్డు పట్టణమునకు సమీపమైన ఎల్‌స్టో గ్రామములో జన్మించెను. తండ్రివలెనే ఆయనయు చిల్లుపడిన గిన్నెలకు మాటువేసి జీవించువాడు.

బహుకాలము పాపభారముతో పెనుగులాడి, క్రీస్తునందు సమాధానము పొంది, ఆయన పల్లెలలో వాక్యము బోధింప నారంభించెను. 1660లో ఆ దేశమున రాజరికము మరల వచ్చెను. రాజ్యసంఘమునకు వెలుపల జరుగు కూటములను అధికారులు అణచసాగిరి. ఆ నవంబరులో ఒక పల్లెకూటమునకు వెళ్లినప్పుడు, తన్ను పట్టుకొనుటకు ఉత్తరువు వచ్చినదని ఆయనకు ముందుగానే తెలిసెను. తప్పించుకొని పోవచ్చును. కాని బోధకుడు పారిపోయినయెడల క్రొత్త విశ్వాసులు జడియుదురని తలంచి, అచ్చటనే నిలిచి బంధింపబడెను.

ఇక బోధింపనని ఒక్క మాట ఇచ్చినయెడల విడుదల దొరకును. ఇంటియొద్ద భార్య ఎలిజబెత్తును, మొదటి భార్య కనిన నలుగురు పిల్లలును ఉండిరి. పెద్దకుమార్తె మేరీకి చూపు లేదు. ఆ బిడ్డ తలంపునకు వచ్చినప్పుడెల్ల ఆయన హృదయము పగిలెను. 1661లో ఎలిజబెత్తు న్యాయాధిపతుల యెదుట నిలిచి భర్తకొరకు వేడుకొనెను, ఫలము లేకపోయెను.

అయినను ఆయన ఆ మాట ఇయ్యలేదు. కుటుంబమును మరువనులేదు. చెరసాలలో కూర్చుండి, నాడాల కొనలకు లోహపు తొడుగులు వేసి, వాటిని అమ్మించి, ఇంటివారిని పోషించెను. అచ్చటనే గ్రంథములు వ్రాసెను. దేవుడు తనకు చూపిన కృపనుగూర్చి వ్రాసిన పుస్తకము 1666లో అచ్చయ్యెను. 1672లో విడుదల పొందెను. “యాత్రికుని ప్రయాణము” మొదటి భాగము 1678లో వెలువడెను. 1688లో ఆయన ప్రభువునందు నిద్రించెను.

ప్రియులారా, శ్రమలను వెదకికొని పొమ్మని ఈ జీవితము మనకు బోధించుట లేదు. ఇంటివారిని విడిచిపెట్టుమనియు బోధించుట లేదు. ఆయన చేతులు పిల్లల అన్నముకొరకు పనిచేసెను. నోటిని మాత్రము ప్రభువునకే ఉంచుకొనెను. పౌలు సంకెళ్లలోనుండి తిమోతికి తెలిపినదియు ఇదియే: దూతను కట్టవచ్చును గాని వార్తను కట్టలేరు.

మనలో అనేకులకు చెరసాల రాలేదు. అయినను పొరుగువారి మెప్పుకొరకో, చిక్కు రాకుండుటకో, బనియన్ ఇయ్యనొల్లని ఆ మాటను మనము ఎవరును అడుగకయే ఇచ్చుచున్నామేమో! ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఎవరికి వారు దీనిని పరీక్షించుకొందుము గాక.