అడ్రస్ ఇక్కడ, ఉత్తరాలు ఎక్కడ?

మొన్న నెట్‌వర్క్స్ ల్యాబ్‌లో డీఎన్‌ఎస్ ప్రయోగం చేస్తూ, సరదాగా మన కాలేజీ డొమైన్‌కి ఎంఎక్స్ రికార్డ్ ఏముందో చూశాను. గూగుల్ సర్వర్ల పేర్లు వచ్చాయి! మెయిల్ ఐడీలో ఉన్నది కాలేజీ పేరే, ఉత్తరాలు చేరేది మాత్రం వేరేవాళ్ల ఇంటికి.

ఒక డొమైన్‌కి వచ్చే మెయిల్‌ని ఏ సర్వర్ తీసుకోవాలో చెప్పేదే ఎంఎక్స్ రికార్డ్. అది మారిస్తే చాలు, కొత్త మెయిల్ అంతా వేరే దేశానికి వెళ్లిపోవచ్చు. మన అడ్రస్‌లో ఒక్క అక్షరం కూడా మారదు.

అలా అప్పగించేస్తే ఏమవుతుంది? న్యూజిలాండ్‌లో జరిగింది చూడండి. అక్కడి టెలికామ్ సంస్థ తన ఎక్స్‌ట్రా ఇంటర్నెట్ కస్టమర్ల మెయిల్‌ని 2007లో యాహూకి అప్పగించింది. స్టోరేజీ, స్పామ్ ఫిల్టర్లు, రాత్రింబవళ్లు కాపలా కాసే సిబ్బంది... ఇవన్నీ సొంతంగా పెట్టుకోవడం ఖర్చే కదా. కానీ ఆ మార్పిడిలోనే చాలామందికి మెయిల్ సరిగ్గా అందలేదు. 2013లో వేలాది ఖాతాలు దుండగుల చేతిలో పడి, వాటి నుంచి స్పామ్ వెళ్లింది. జనం ఫోన్ చేసేది టెలికామ్‌కి, తాళాలు ఉన్నది యాహూ దగ్గర! 2014లో 50 కోట్ల ఖాతాల వివరాలు చోరీ అయ్యాయని యాహూ 2016లో బయటపెట్టింది. అప్పటికి స్పార్క్‌గా పేరు మార్చుకున్న టెలికామ్, 2017లో మెయిల్‌ని ఎస్ఎంఎక్స్ అనే స్వదేశీ కంపెనీకి మార్చింది.

అలాగని సర్వర్ మన ఊళ్లో ఉంటే చాలనుకోకండి. అప్‌డేట్లు లేకుండా మూలన పడేసిన లోకల్ సర్వర్ ఇంకా ప్రమాదం. పైగా సర్వర్ ఎక్కడుందన్నదే కాదు, కంపెనీ ఎవరిదన్నదీ ముఖ్యమే. అమెరికా 2018లో తెచ్చిన క్లౌడ్ చట్టం ప్రకారం, చట్టబద్ధమైన ఆదేశం ఉంటే అక్కడి కంపెనీలు విదేశాల్లో దాచిన డేటాని కూడా ఇవ్వాల్సిందే.

కాబట్టి నేను నేర్చుకున్నవి మూడు ప్రశ్నలు. నా మెయిల్ ఎవరి చేతిలో ఉంది? పాడైతే ఎవరు జవాబు చెప్తారు? రేపు నేను వెళ్లిపోతే, నా ఉత్తరాలు నాతో వస్తాయా?

మూడోది ఫైనల్ ఇయర్ అన్నలకీ అక్కలకీ మరీ ముఖ్యం. ఇంటర్న్‌షిప్ లెటర్లు, ప్రాజెక్ట్ ఫైళ్లు అన్నీ కాలేజీ ఐడీలోనే ఉన్నాయి కదా? ఐడీ మూసేశాక అడిగి లాభం లేదు. ఈ ఆదివారమే కాపీ తీసి పెట్టుకోండి.

మొదటి ప్రశ్నకి జవాబు మాత్రం ఇప్పుడే తెలుసుకోవచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌లో ఎన్ఎస్‌లుకప్ తెరిచి, టైప్‌ని ఎంఎక్స్‌గా పెట్టి, మీ డొమైన్ పేరు కొట్టండి. అర నిమిషం పని.