క్రిస్మస్ విందు బల్లకు సముద్రపు కళ

ప్రశ్న: క్రిస్మస్ విందు బల్లను సముద్రతీరంలా అలంకరించాలనుంది. గవ్వలు, పగడపు కొమ్మలు కొనమంటారా?

జవాబు: పగడపు కొమ్మల జోలికి వెళ్లకండి. పగడపు దిబ్బలు సజీవ ప్రాణులు కట్టుకున్న గూళ్లు. వాటికి, కొన్ని జాతుల గవ్వలకు, శంఖాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. అవి లేకుండా సముద్రం ఎలా గుర్తొస్తుందంటారేమో. తీరాన కంటికి ముందుగా ఆనేది రంగూ వెలుగే. లేత నీలం టేబుల్ క్లాత్ మీద నరసాపురం లేసు పరిస్తే అలల నురగ దానంతటదే కనబడుతుంది. నీలం, తెలుపులకు పండగ కళ తక్కువన్న అభ్యంతరం సబబే. అందుకే ఇత్తడి కుందుల్లో కొవ్వొత్తులు, కాసిని ఎర్ర చామంతులు చేర్చండి. పరిమళపు కొవ్వొత్తులు మాత్రం వద్దు, చేపల పులుసు ఘుమఘుమను మింగేస్తాయి. పూలను పొట్టి గిన్నెల్లోనే అమర్చండి, ఎదుటివారి ముఖం కనబడాలి.