బిడ్డల లెక్క

పాల్కురికి సోమనాథుని బసవపురాణమందలి గొడగూచి కథ మన యిండ్లలో వినని వారుండరు. తండ్రి నిత్యము శివునకు పాలు నివేదించుచుండెడివాడు. ఊరికి పోవలసివచ్చి ఆ సేవను కుమార్తె కప్పగించెను. శివుడు నిజముగా త్రాగుననియే నమ్మిన ఆ పసిది, త్రాగకపోగా బావురుమన్నది. ముగ్ధభక్తికి దృష్టాంతముగా ఈ కథ చెప్పుకొందుము. కాని పూజను ఆడుబిడ్డ కప్పగించుటకు ఆ తండ్రి సంకోచింపలేదన్న మాట మనకు తోచుట అరుదు.

మన మతమున ఆడు శిశువునకును మగ శిశువునకును లింగధారణ మొక్కటే. అక్క నాగమ్మకు లేని ఉపనయనము తనకును వలదని బసవన్న నిరాకరించెనని సంప్రదాయము. ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి బియ్యమేరి తేగా, భార్య లక్కమ్మ మందలించి తిరిగి పంపినది. ఇవన్నియు పిల్లలకు చెప్పుచునే యున్నాము. అయినను వారి యాట చూడుడు. బాలుడు పుల్ల పట్టి లేని యెద్దుల నదలించును. బాలిక చేటలో మట్టిపెళ్లలు చెరుగును. పూజ యాట యైనచో అన్న పీటపై కూర్చుండును, చెల్లెలు చెంబుతో నీళ్లు తెచ్చును. ఇది యెవరును నేర్పిన పాఠము కాదు.

1961లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ బండూరా, ఆయన సహచరులు 72 మంది శిశువులను పరీక్షించిరి. పెద్దలు బొమ్మను కొట్టగా చూచిన పిల్లలు తామును అట్లే కొట్టిరి. మగపిల్లలు విశేషముగా మగవానిని అనుకరించిరి. మనకు ఇంతకన్న ముఖ్యమైనది 1979లో పెరీ, బస్సీ అనువారు కనుగొన్నది. పురుషులందరు ఒక వస్తువును, స్త్రీలందరు వేరొకదానిని ఎన్నుకొనగా చూచిన పిల్లలు తమ జాతి వారిని అనుసరించిరి. తక్కిన మగవారివలె నడువని ఒక్క మగవానిని బాలు రంతగా అనుసరింపలేదు. అనగా బిడ్డ ఒక్కరిని చూచి నేర్వడు. ఎందరు చేయుచున్నారో లెక్కించును.

మన అనంతపురపు మెట్టలో ఈ లెక్క విచిత్రముగా నడచును. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదియు నమ్మరానిది. చెనిక్కాయ పంట యెండిన యేట తండ్రి కూలికై బెంగళూరు పోవును. విత్తనము, అప్పు, బ్యాంకు, పశువులు సమస్తమును తల్లియే చూచుకొనును. తండ్రి రాగానే చావడిలో మాట ఆయనది, వంటయింటి పొగ ఆమెది. బిడ్డ దృష్టిలో తల్లి చేసిన సేద్యము కరవునాటి అక్కర మాత్రమే. అది కన్నతల్లికి జరుగు అన్యాయ మనిపించును నాకు.

మఠమున దాసోహమునాడు మరియొక వింత. అచ్చట మగవారు వండి వడ్డించుట చూచిన బాలుడు తానును సాంబారు బకెట్టు మోయుటకు పోటీపడును. ఆ బాలుడే యింట తాను తిన్న పళ్లెమును తీయడు. మఠమున పదిమంది మగవారు కనబడిరి, ఇంట ఒక్కడును కనబడలేదు.

వైశాఖ శుద్ధ తదియనాటి బసవ జయంతికి ముందు ఒక వారము, ఇంటిలో ఏ పని ఎవరు చేయగా చూచిరో పిల్లలచేత వ్రాయించి, మఠమున పెద్దల యెదుట చదివించిన బాగుండును. తప్పులు దిద్దవలదు. తండ్రులు వినుటకు రావలెను.