బైసికిలు పాఠము: హాలెండు దేశమును, మన కాలువకట్టయును

విద్యార్థులారా, నిత్యము మన చేతిక్రింద నుండు వస్తువును గూర్చి మన మాలోచించుట అరుదు. ప్రతిదినము ఉదయమున మన పాఠశాల ఆవరణలో వేపచెట్టు క్రింద వరుసగా నిలుచు బైసికిళ్లు అట్టివే. చావలి, జంపని మొదలగు గ్రామములనుండి మీలో అనేకులు వానిపై వేమూరు వచ్చుచున్నారు. ఆ వాహనమును గూర్చియు, దానిని తమ జీవనములో భాగముగా జేసికొనిన హాలెండు దేశస్థులను గూర్చియు ఈ యేటి సంచికలో కొంత వ్రాయదలచితిమి. అందులకు కారణ మొకటి కలదు. దానిని మొదట చెప్పెదము.

గత వర్షాకాలమున మా తరగతి విద్యార్థిని యొకతె సాయంకాలము ఇంటికి పోవుచు, వెనుకనుండి వచ్చిన లారీకి దారి యిచ్చుటకై బైసికిలును కట్ట యంచునకు త్రిప్పి, పట్టు తప్పి గట్టు క్రిందికి పడెను. ప్రాణాపాయము తప్పినది గాని, ఎడమచేయి విరిగి ఆరు వారములు బడికి రాలేకపోయెను. మేము చూడబోయినపుడు ఆమె తండ్రి వాకిట మంచము వాల్చి మమ్ము కూర్చుండబెట్టి, "మాస్టరుగారూ, పిల్ల ముఖ్యమా, బడి ముఖ్యమా? మీరే చెప్పండి" అనెను. బైసికిలును అప్పటికే అమ్మివేసియుండెను. రెండును ముఖ్యములే యని చెప్పితిమి గాని, రెండును ఎట్లు దక్కునో చెప్పలేకపోతిమి. ఇన్ని సంవత్సరములుగా పాఠములు చెప్పుచున్న మేము, మా పిల్లలు వచ్చు దారిని గూర్చి ఒక్క పాఠమైనను చెప్పియుండలేదు.

దుకాణములో నేర్చినది

ఆ పిమ్మట ఒక శనివారమున తొమ్మిదవ తరగతివారిని రైలులో తెనాలికి తీసికొనిపోయి, అచ్చటి బైసికిలు దుకాణ మొకటి చూపించితిమి. యజమాని చిన్నతనమున గాలి కొట్టుచు, పంచర్లు వేయుచు పని నేర్చినవాడు. గోడపై ఆమ్‌స్టర్‌డామ్ నగరపు చిత్రపటము వ్రేలాడుచుండెను. కాలువ, దానిపై వంతెన, వంతెన కటకటాలకు ఆనించిన బైసికిళ్ల వరుసలు అందు గలవు. "ఇది మన తెనాలి కాలువ కాదాండీ?" అని ఒక బాలు డడుగగా అందరును నవ్విరి. యజమాని మాత్రము నవ్వక, "కాలువ అలాంటిదే బాబూ, రోడ్డే వేరు" అనెను. ఆయనకు ఆ దేశపు సంగతు లన్నిటియందు మక్కువ. వచ్చినవారికెల్ల క్రొత్త టైర్ల ధరతోబాటు హాలెండు వార్త యొకటి చెప్పి పంపుట ఆయన వాడుక. 2010 మొదలు 2024 వరకు ఆ దేశమునకు ప్రధానమంత్రిగా నుండిన మార్క్ రుటె బైసికిలుపై కార్యాలయమునకు పోవుచుండెనని ఆయన చెప్పగా, దానిని పేదవాని బండి యని తలచు మా పిల్లలు ఆశ్చర్యపడిరి.

బైసికిలు ఒక్కనాడు పుట్టినది కాదు. 1817లో జర్మను దేశీయుడగు కార్ల్ డ్రైస్ రెండు చక్రముల కొయ్యబండి నొకటి చేసెను. దానికి పెడళ్లు లేవు. కూర్చుండి కాళ్లతో నేలను తన్నుచు పోవలసినదే. 1885లో ఇంగ్లండున జాన్ కెంప్ స్టార్లీ ఇంచుమించు సమానమైన రెండు చక్రములును, వెనుక చక్రమును త్రిప్పు చెయినును గల 'రోవర్' బండిని వెలువరించెను. మీరు నేడు తొక్కు బండి దాని సంతతియే. 1888లో బెల్‌ఫాస్టు పట్టణమున పశువైద్యుడగు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రముల బండి కుదుపు తగ్గించుటకై చేసిన గాలి టైరునకు పేటెంటు పొందెను.

ఇక లెక్క చూడుడు. చక్రపు వ్యాసము 28 అంగుళములైనచో చుట్టుకొలత సుమారు 88 అంగుళములు. పెడళ్లకు చేరిన పండ్లచక్రమునకు 48 పండ్లును, వెనుకదానికి 18 పండ్లును ఉన్నవనుకొందము. పెడలు ఒక్కమారు తిరుగునప్పటికి వెనుక చక్రము 2⅔ మారులు తిరుగును. బండి సుమారు 19½ అడుగులు ముందునకు పోవును. నడచువాడు అంత దూరమునకు ఏడెనిమిది అడుగులు వేయవలెను. దూరపు గ్రామపు బాలికకు బైసికిలు ఎంత సాయమో ఈ లెక్కయే చెప్పుచున్నది.

ఈ సాయము ఊహ గాదు. 2006లో బీహారు ప్రభుత్వము తొమ్మిదవ తరగతి బాలికలకు బైసికిళ్ల నిమిత్తము ధన మిచ్చుట ప్రారంభించెను. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అను అర్థశాస్త్రజ్ఞులు పరిశోధించి, ఉన్నత పాఠశాలలలో బాలికల చేరిక అందువలన నూటికి 32 వంతులు పెరిగెనని తేల్చిరి. లాభ మెక్కువ పొందినవారు బడికి దూరముగా నున్న గ్రామముల బాలికలే.

ఆ దేశమునకు మనకు గల పోలిక

హాలెండువారు మనకు బొత్తిగా క్రొత్తవారు కారు. 1606లోనే వారి వర్తకులు రేపల్లె సీమలోని నిజాంపట్నమున వర్తకశాల పెట్టి, మన నేతగాండ్ర వస్త్రములు కొనిరి. వారి దేశము మన కృష్ణా పశ్చిమ డెల్టావలె పల్లపు నేల, కాలువల నేల. అందు ఇంచుమించు నాలుగవ వంతు సముద్రమట్టముకంటె దిగువన నున్నది. జనసంఖ్య కోటి ఎనుబది లక్షలు కాగా, బైసికిళ్లు రెండు కోట్లకు పైబడియున్నవి. యుట్రెక్టు రైలుస్టేషను క్రింద 2019లో పూర్తియైన శాలలో 12,500 బైసికిళ్లు నిలుపవచ్చును.

నేల చదునుగా నుండుటచేతనే వారికి ఇది సాధ్యమైనదని కొంద రందురు. అది చాలిన కారణము కాదు. మన నేలయు చదునే కదా. మఱియు ఆ దేశమందే 1950 తరువాత మోటారుకార్లు పెరిగి, బైసికిళ్లు నానాట తగ్గిపోయెను. కార్ల కొఱకు కాలువలు పూడ్చి, వీధులు వెడల్పు చేసిరి. ఫలితము ఘోరము. 1971లో ఒక్క సంవత్సరమున రోడ్లపై మూడువేలమందికి పైగా మరణించిరి. వారిలో నాలుగువందలమందికి పైగా పిల్లలు.

ఆ యేడు రోడ్డు ప్రమాదములో తన కుమార్తెను గోల్పోయిన విక్ లాంగెన్‌హాఫ్ అను పత్రికా రచయిత 1972లో వ్రాసిన వ్యాసము దేశమును కదల్చెను. 'స్టాప్ డె కిండర్‌మోర్డ్', అనగా 'పిల్లల హత్య నాపుడు', అను పేర ఒక ఉద్యమము పుట్టెను. తల్లిదండ్రులు బిడ్డలతో గూడ వీధులలో నిలిచి, పిల్లలకు దారి యియ్యుడని కోరిరి. 1973లో చమురు కరవు వచ్చి, నవంబరు 4 మొదలు కొన్ని ఆదివారములు కార్లు నడుపుటయే నిషేధింపబడెను. ఖాళీ రోడ్లపై పిల్లలు ఆడుకొనగా, రోడ్డు ఎవరిదను ప్రశ్న అందరి మనస్సులలో మెదలెను. అటుపిమ్మట టిల్బర్గు, హేగు పట్టణములలో బైసికిళ్లకు ప్రత్యేకపు బాటలు వేసి చూచిరి. క్రమముగా అవి దేశమంతట వ్యాపించెను. 2023లో ఆ దేశపు రోడ్లపై మరణించినవారు 684 మంది. వారిలో 270 మంది బైసికిలు తొక్కువారే గనుక పని ముగియలేదు. అయినను 1971తో పోల్చి చూడుడు.

వేమూరు తండ్రి మమ్మడిగిన ప్రశ్ననే వారును అడిగిరి. అయితే వారు బిడ్డను బడి మాన్పించక, దారిని మార్చిరి.

మనము చేయదగినది

ప్రత్యేకపు బాటలు వేయుట మన చేతిలో లేదు. కాని వారివలన నేర్వదగిన చిన్నపనులు కొన్ని కలవు. అచ్చటి బడులలో పదునొకండు పండ్రెండేండ్ల పిల్లలకు రోడ్డు నియమములలో వ్రాతపరీక్షయు, అనేక బడులలో బైసికిలు తొక్కించి చేయు పరీక్షయు గలవు. చీకటిలో ముందు తెల్ల దీపమును, వెనుక ఎఱ్ఱ దీపమును లేక తొక్కుట చట్టవిరుద్ధము. అచ్చటి బండ్లకు చెయిను పూర్తిగా కప్పబడియుండును. వెనుక చక్రమునకు ఇరుప్రక్కల అడ్డు ఉండును. మన బాలికల ఓణీలు చక్రమున చిక్కకుండ మన దుకాణములలో బిగించు వల ఇట్టిదే. మోటారు తలుపును, దానికి దూరముగా నుండు చేతితో తెరచుట వారి అలవాటు. అట్లు చేసినచో దేహము త్రిప్పి వెనుక చూడక తప్పదు. మన దేశమున కారు నడుపువాడు కుడివైపున కూర్చుండును గనుక ఎడమచేతితో తెరవవలెను. కార్లు గల తల్లిదండ్రులు దీనిని గమనింపగోరుచున్నాము.

మా పాఠశాలలో ఈ యేడు మూడు పనులు ప్రారంభించితిమి. నెలకొకసారి వేపచెట్టు క్రింద బ్రేకులు, బెల్లు, వెనుక ఎఱ్ఱబిళ్ల పరీక్షించుచున్నాము. కట్టమీదుగా పోవువారిని ఒకరి వెనుక నొకరుగా, పెద్ద తరగతివాడు చివర నుండునట్లు, జట్టుగా పంపుచున్నాము. బడి విడుచువేళ ఉపాధ్యాయు డొకడు రోడ్డు మలుపున నిలుచుచున్నాడు. కట్ట యంచున రాళ్లు పాతించుటకును, మలుపువద్ద వేగము తగ్గించు గట్టు వేయించుటకును అర్జీ వ్రాసి, తల్లిదండ్రుల సంతకములు చేర్చుచున్నాము. ఇప్పటికి నలువది ఒక్కటి వచ్చినవి.

ఆ బాలిక మరల బడికి వచ్చుచున్నది. తండ్రి ఇంకను బైసికిలు కొనలేదు. ఉదయమున తానే కొంతదూరము నడిపించి, జట్టు పిల్లలలో నొకరి వెనుక కూర్చుండబెట్టి పోవుచున్నాడు. మొన్న అర్జీ కాగితము ఆయనకు చూపితిమి. మొదటినుండి చివరివరకు చదివించుకొని విని, "రాళ్లు వేస్తే అప్పుడు చూద్దాం మాస్టరుగారూ" అని సంతకము చేసెను. ఆ నలువది ఒక్కటవ సంతకము ఆయనదే. ఈ సంచిక చేరిన ప్రతి యింటివారును తమ సంతకమును చేర్ప ప్రార్థించుచున్నాము.