పక్కన నిలబడ్డ మనిషి

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ అందింది. వానలో తడిసిన ఫుడ్ డెలివరీ కుర్రాడు, పన్నెండో అంతస్తు, అతన్ని ఎక్కనివ్వని లిఫ్టు. సరుకుంది. కాకపోతే అతని బాధంతా నువ్వే చెప్పేశావు. మెట్లెక్కుతూ అతను తలుచుకున్నవన్నీ పత్రికలో సంపాదకీయంలా ఉన్నాయి.

దీనికి మందు గురజాడ దగ్గరుంది. 'దిద్దుబాటు' మళ్లీ తియ్యి. 1910లో ఆంధ్రభారతిలో వచ్చింది. (తొలి తెలుగు కథ ఇదా, భండారు అచ్చమాంబ 1902లో రాసిన 'ధనత్రయోదశి'యా అన్న తగువు నీకెందుకు? రెండూ చదువు.) పరీక్షకి చదివినట్టు సంఘసంస్కరణ, స్త్రీవిద్య అని నోట్సు రాసుకోకు. ఒక పనివాడు ఇంకో పనివాడి చేతుల్ని చూసినట్టు చూడు.

సానిపాట విని రాత్రి ఒంటిగంటకి ఇల్లు చేరిన గోపాలరావుకి భార్య కమలిని కనపడదు. పుట్టింటికి పోతున్నానని ఉత్తరం కనపడుతుంది. ఆ గదిలో అతనొక్కడే ఉన్నాడనుకో, అతని పశ్చాత్తాపం కూడా నీ కుర్రాడి మెట్ల ఆలోచనల్లాగే తయారయ్యేది. గురజాడ అక్కడ నౌకరు రాముణ్ణి నిలబెట్టాడు. దాంతో కథ నడకే మారిపోయింది. గోపాలరావు వాడిమీద చెయ్యి చేసుకుంటాడు, అంతలోనే రూపాయి చేతిలో పెడతాడు. ఉత్తరంలో 'ప్రియా' పోయి 'అయ్యా' వచ్చిందని అతను గిజగిజలాడుతుంటే, ఆడవాళ్లకి చదువు చెప్తే ఇంతే అన్నట్టు మాట్లాడతాడు రాముడు. అంత అవస్థలోనూ అయ్యగారు స్త్రీవిద్య మీద ఉపన్యాసం అందుకుంటాడు. మనకి నవ్వొస్తుంది. ఆ ఉపన్యాసం రచయితే నేరుగా ఇచ్చుంటే ఆవలింత వచ్చేది.

ఇంకోటి గమనించు. కమలిని ఎక్కడికీ పోలేదు, మంచం కిందే ఉంది. రాముడితో మొగుడు అన్నవన్నీ వింటూనే ఉంది. ఆ సంగతి తెలిసి రెండోసారి చదివితే గోపాలరావు నోటివెంట వచ్చిన ప్రతి మాటకీ బరువు మారుతుంది. అందుకే ఏ కథనైనా కనీసం రెండుసార్లు చదవమని నీ ప్రాణం తీస్తుంటాను.

అలాగని ప్రతి కథలోనూ ఓ రాముణ్ణి దూర్చకు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకున్న 'గాలివాన'లో పాలగుమ్మి పద్మరాజు సరిగ్గా దీనికి ఎదురు పని చేశారు. నియమాల మనిషి రావుగారినీ, బిచ్చగత్తెనీ తుఫాను రాత్రి ఒకచోట చిక్కించి, లోకాన్ని దూరంగా పెట్టారు. అక్కడ మూడో మనిషి వచ్చుంటే రావుగారు తన పెద్దరికాన్ని మళ్లీ చొక్కాలా తొడుక్కునేవాడు.

ఇక నీ కథ. లిఫ్టు దగ్గర వాచ్‌మన్ చేత చెయ్యి అడ్డం పెట్టించి వదిలేశావు. నన్నడిగితే కథంతా అతని దగ్గరే ఉంది. ఆ రూలు పెట్టింది అతను కాదు. ఆపకపోతే ఉద్యోగం పోతుంది. ఆపితే తన కొడుకు ఈడువాణ్ణి అన్ని మెట్లూ ఎక్కించాలి. వాళ్లిద్దరినీ మాట్లాడించు, నువ్వు పక్కకి తప్పుకో. అంతకంటే ముందు అతనిది పాలమూరో శ్రీకాకుళమో తేల్చుకో. ఇప్పుడతను అన్న ఒక్క మాటా టీవీ వార్తల తెలుగులో ఉంది. విశాఖ కోర్టుల్లో వకీలుగా తిరిగిన రావిశాస్త్రిని చదువు, చిత్తూరు పల్లె మాటతోనే కథ చెప్పిన నామినిని చదువు. చదివాక వాళ్ల యాసని అరువు తెచ్చుకోకు. మీ గేటు దగ్గర మనిషితో పనిలేకపోయినా నాలుగు మాటలు మాట్లాడు.

చివర పన్నెండో అంతస్తు ఇంటావిడ మానవత్వం గురించి చెప్పిన పేరా కొట్టేశాను. కోపం తెచ్చుకోకు. మంచి వాక్యాలే, కానీ ఆవిడవి కావు, నీవి.

కథారచయిత కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో మొదలుపెట్టిన కథానిలయం నువ్వింకా చూడలేదు. దొరకవనుకున్న పాత పత్రికలు, కథా సంపుటాలు అక్కడున్నాయి. సెలవులకి వస్తే తీసుకెళ్తాను. ఈలోగా కథ తిరగరాసి పంపు, వాచ్‌మన్ దగ్గర మొదలుపెట్టి.

మీ పెదనాన్న