కుడి కిటికీ పక్కన కూర్చునే అల్లుడికి

విజయవాడ

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

కారు తీసుకున్నావని, హైదరాబాదులో ఎయిర్‌పోర్టు ట్రిప్పులు వేస్తున్నావని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. నువ్వు పంపిన ఫొటో కూడా చూశాను. అద్దం దించి, చొక్కా చేతులు పైకి మడిచి, కుడి మోచెయ్యి కిటికీ మీద పెట్టుకుని కూర్చున్నావు. ఆ మోచెయ్యి చూసిన దగ్గర్నుంచీ నీకు ఈ ఉత్తరం రాయాలని ఉంది. ఫోనులో చెబితే "సరే మావయ్యా" అని పెట్టేస్తావు. కాగితం మీదుంటే ఇంకోసారి చదువుతావు.

రాయబోయే ముందు నా రెండు చేతులూ బల్లమీద పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. ఎడమ చెయ్యి నా వయసుకు తగ్గట్టే ఉంది. కుడి చెయ్యి చివరి రోజుల్లో మీ తాతయ్య చెయ్యిలా ఉంది. మణికట్టు నుంచి మోచెయ్యి దాకా గోధుమరంగు మచ్చలు, మధ్యలో తెల్లటి చుక్కలు, ఎండిన చెరువులో నెర్రెలిచ్చినట్టు గీతలు. రెండు వేళ్లతో చర్మం లాగి వదిలితే ఎడమవైపు వెంటనే సర్దుకుంటుంది. కుడివైపు కాసేపు అలాగే లేచి ఉంటుంది. అదే చేతికి పైన, చంక దగ్గర, ఎండ ఎరగని చోట చూస్తే చర్మం ఇప్పటికీ నున్నగా ఉంది. ఒకే మనిషి, ఒకే అరవై ఆరేళ్లు. కాబట్టి ఇది ఒక్క వయసు చేసిన పని కాదు అల్లుడూ.

ఆర్టీసీ డ్రైవరుగా నా సర్వీసులో ఎక్కువ భాగం నెల్లూరు రూటులోనే గడిచిందని నీకు తెలుసు. మధ్యాహ్నం ఇక్కడ బయల్దేరి దక్షిణానికి పోతుంటే పడమటి ఎండ కుడి కిటికీలోంచి పడేది. రాత్రి నెల్లూరులో పడుకుని పొద్దున ఉత్తరానికి తిరిగొస్తుంటే తూర్పు ఎండ, అదీ కుడి కిటికీలోంచే. చిలకలూరిపేట, ఒంగోలు, సింగరాయకొండ, కావలి. పోతూ వస్తూ అన్నేళ్లూ ఒకటే చెంప, ఒకటే చెయ్యి ఎండకు పెట్టాను. వేడి తెలిసేది, చెమట తెలిసేది. చర్మం పాడవుతోందని మాత్రం తెలియలేదు.

రిటైరయ్యాక కుడి చెంప మీద గరుకు మచ్చ లేస్తే చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. మచ్చ ప్రమాదం లేనిదే. కానీ ఆవిడ నా చేతులు చూసి, నేను చెప్పకముందే "డ్రైవరుగా చేశారా?" అని అడిగింది. తన ఫోనులో ఒక ఫొటో చూపించింది. అమెరికాలో 28 ఏళ్లు లారీ నడిపిన 69 ఏళ్ల మనిషిది, 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వేశారట. వాళ్లకు స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. ఆయన ఎడమ చెంపంతా మడతలు పడి జారిపోయింది, కుడి చెంప ఇరవై ఏళ్లు చిన్నవాడిదిలా ఉంది. నాకు నోట మాట రాలేదు.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తాను. ఎండలో కంటికి కనపడని కిరణాలు రెండు రకాలు మనదాకా వస్తాయి. యూవీ-బీ అనేది చర్మాన్ని కమిలిస్తుంది. కారు అద్దం దాన్ని చాలావరకు ఆపుతుంది. రెండోది యూవీ-ఏ. భూమికి చేరే ఈ కిరణాల్లో దాదాపు 95 శాతం అదే. మంట పెట్టదు, అందుకే మనం పట్టించుకోం. ముందు అద్దంలో రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి అక్కడ బాగా ఆగుతుంది. పక్క అద్దాల్లోంచి మాత్రం లోపలికొచ్చేస్తుంది. చర్మం లోపల కొల్లాజెన్ అనే పోగులు మంచానికి నులకలాగా అల్లుకుని ఉంటాయి. ఈ కిరణం వాటిని రోజూ కొంచెం కొంచెం తెంపుతుంది. నులక తెగిన మంచం కుంగినట్టే చర్మమూ కుంగుతుంది. ఏసీ వేసుకుని అద్దాలెత్తుకున్నా ఇది ఆగదు. చల్లగా ఉంది కదా అని ఎండ లేదనుకోకు.

మనం నల్లగా ఉంటాం, మనకేం కాదులే అంటావేమో, నేనూ అలాగే అనుకున్నాను. మన రంగు మనకు మేలే చేస్తుంది, తెల్లవాళ్లకంటే మనకు ముడతలు ఆలస్యంగా వస్తాయి. కానీ మచ్చలు, మంగు ముందే వస్తాయి. ఇంకో సంగతి. హైదరాబాదులో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉండి నీడ కాళ్ల కిందే ఉండే రోజులు ఏడాదికి రెండు. ఒకటి మే 9 ప్రాంతంలో, రెండోది ఆగస్టు 3 ప్రాంతంలో. మేలో అందరూ గొడుగు వెతుక్కుంటారు. ఆగస్టులో వానాకాలం కదా అని ఎవరికీ పట్టదు. పల్చటి మబ్బు ఈ కిరణాలను పెద్దగా ఆపదు. నీ నీడ నీకంటే పొట్టిగా ఉన్నంతసేపూ జాగ్రత్తగా ఉండు.

ముందు చొక్కా సంగతి చూడు. గుంటూరు వైపు మిరపచేలో కోతకెళ్లే ఆడవాళ్లను చూశావుగా, చీర మీద మగవాళ్ల ఫుల్‌హ్యాండ్ చొక్కా తొడిగి, తలకు గుడ్డ చుట్టుకుంటారు. ఎవరూ చెప్పకుండానే తెలిసిన మనుషులు. నువ్వూ చేతులు దించి మణికట్టు దగ్గర బొత్తాం పెట్టుకో. కారు అద్దాలకు నల్ల ఫిల్ము అంటించే జోలికి పోకు, 2012లోనే సుప్రీంకోర్టు వద్దంది, చలానా రాస్తారు.

ముఖానికి, మెడకి, చేతుల వెనక్కి సన్‌స్క్రీన్ రాయి. ఆడపిల్లల సామాను అని సిగ్గుపడకు. డబ్బా మీద ఎస్పీఎఫ్ 30 గాని ఆపైన గాని ఉండాలి, పక్కన పీఏ అని మూడు ప్లస్సులుండాలి. ఆ ప్లస్సులే అద్దంలోంచి వచ్చేదానికి. చూపుడు వేలు, నడిమి వేలు పొడుగునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకీ సరిపోతుంది. బఠాణీగింజంత రాస్తే డబ్బులు దండగ. రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి, ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య రాసుకో. ఆస్ట్రేలియాలో తొమ్మిది వందల మందిని నాలుగున్నరేళ్లు గమనించారట. రోజూ రాసినవాళ్ల చేతుల వెనక చర్మం, తోచినప్పుడు రాసినవాళ్లకంటే 24 శాతం తక్కువ ముదిరింది. నా కుడి చెయ్యి చూస్తూ ఆ మాట వింటుంటే ఎంత బాధేసిందో చెప్పలేను.

మచ్చలొస్తే మాత్రం మెడికల్ షాపులో అడిగి క్రీము తెచ్చుకోకు. మీ అత్తయ్య మంగుకని అలా తెచ్చుకున్న క్రీము రెండేళ్లు రాసింది. మొదటి నెలలో ముఖం తేటపడింది. తర్వాత చర్మం ఉల్లిపొరలా పల్చబడి, పొయ్యి దగ్గర నిలబడితే ఎర్రగా కందిపోయి మండేది. అందులో స్టెరాయిడ్ ఉందని డాక్టరమ్మ చూసి చెప్పేదాకా మాకు తెలియదు. అది మానిపించడానికే నెలలు పట్టింది. అద్దం ముందు కూర్చుని అత్తయ్య ఏడవడం నేను చూశాను. నీకు కావలసింది తెల్లబడడం కాదు నాన్నా, ఉన్న చర్మం ఉన్నట్టు ఉండడం.

నీ సిగరెట్టు సంగతి నేను అమ్మకి చెప్పలేదు. అదీ చర్మాన్ని ముందే ముడతలు పెడుతుంది, మానెయ్యి.

అత్తయ్య రెండు ఫుల్‌హ్యాండ్ కాటన్ చొక్కాలు కుట్టించింది, ఒకటి లేత నీలం, ఒకటి గోధుమరంగు. రేపు బస్సులో పార్సిల్ వేస్తున్నాను. అందగానే తొడుక్కుని, రెండు చేతులూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి పంపు.

ఇట్లు,
మీ మావయ్య