మూసి ఉంచిన క్యాంపర్‌లో బూజు ఎందుకు పడుతుంది?

అమెరికా, కెనడాల్లో వేసవి ప్రయాణాలు ముగిశాక చాలామంది క్యాంపర్ వాహనాలను నెలల తరబడి మూసి ఉంచుతారు. మళ్లీ తలుపు తీసేసరికి పరుపు అడుగున బూజు! ఆస్తమా ఉన్నవారికి ఇది ప్రమాదకరం.

బూజు సిద్ధబీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. వాటిని పూర్తిగా ఆపలేం. అవి మొలకెత్తడానికి కావలసిన తేమను మాత్రం ఆపగలం.

20 డిగ్రీల సెల్సియస్ వద్ద 50 శాతం సాపేక్ష ఆర్ద్రత గల గాలి సుమారు 9 డిగ్రీలకు చల్లబడితే, అందులోని నీటి ఆవిరి బిందువులుగా మారుతుంది. చల్లని గోడకు ఆనుకున్న పరుపు తడిసేది ఇలాగే.

అందుకే మూసే ముందు నీరు కారే చోట్లను సరిచేసి, లోపలంతా ఆరబెట్టాలి. పరుపులను నిలబెట్టి, ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంచాలి. కాల్షియం క్లోరైడ్ కొంత తేమను పీల్చుకుంటుంది. ఆర్ద్రత 60 శాతం దాటకుండా చూస్తే బూజు పెరగడం కష్టం.